దారం తిన్నగానే ఉంది

మా కొట్టంలో రాతిబొమ్మకు కళ్ళు ఆఖరున చెక్కుతారు. చేతులు, కాళ్ళు, చీర కుచ్చిళ్ళు, నగలు, కిరీటం అన్నీ ముగిసి, రాయి నునుపు తేలిన తర్వాతే కళ్ళ జోలికి పోతారు. చెయ్యి మీద గీత పడితే ఇంకాస్త అరగదీసి సర్దుకోవచ్చు. కంటి దగ్గర ఉలి జారితే ఆ బొమ్మ అంతటితో సరి. అందుకని కన్ను చెక్కే పూట కొట్టంలో ఎవరూ మాట్లాడరు. మిషన్లు ఆపేస్తారు. బొమ్మకు ఎదురుగా ఎవరూ నిలబడరు. ఉలి కంటి మీద ఆనినంతసేపూ అక్కడున్న వాళ్ళందరూ ఊపిరి కూడా బిగబట్టి ఉంటారు. మా మామ కాలం నుంచీ ఇదే పద్ధతి. నేను ఈ ఆళ్లగడ్డకు కోడలిగా వచ్చిన కొత్తలో అటువంటి పూట దగ్గు ముంచుకొస్తే, కొంగు నోట్లో కుక్కుకొని వీధిలోకి పరుగెత్తాను.

నాకు ఉలి పట్టడం రాదు. మూడో తరగతితో బడి మానిపించారు కాబట్టి చదువూ అంతంతే. కూడబలుక్కొని చదువుతాను, పెద్ద పెద్ద అక్షరాలతో రాస్తాను. కానీ ఒక పని నాకు వచ్చు. కళ్ళు చెక్కేముందు వాటిని రాయి మీద ఎర్ర జాజు మట్టితో గీస్తారు. దగ్గర కూర్చొని గీసిన మనిషికి తన గీతలో తప్పు తనకు కనపడదు. అందుకని మా ఆయన నన్ను పిలిచేవాడు. నేను పొయ్యి మంట తగ్గించి వచ్చి, గడప అవతల నిలబడి చూసి, కుడి కన్ను కొంచెం దిగిందనో, ఎడమ కంటి తోక ఎక్కువ లేచిందనో చెప్పేదాన్ని. ఆయన దారం పట్టి చూసుకుంటే నేను చెప్పినట్లే ఉండేది. పొగిడే మనిషి కాదు. "సరే, పోయి అన్నం చూసుకో" అనేవాడు. నాకు ఆ మాట చాలు. ఆయన పోయాక కొడుకూ నన్నే పిలవడం అలవాటు చేసుకున్నాడు.

పోయిన చలికాలం పాములపాడు దిక్కు పల్లెవాళ్ళు ఒక అమ్మవారి బొమ్మ చేయించుకున్నారు. పని అంతా అయింది. కళ్ళు గీసి కొడుకు నన్ను పిలిచాడు. నేను గడప అవతల నిలబడి చూశాను.

"ఎడమ కన్ను దిగింది" అన్నాను.

తడిగుడ్డతో తుడిచి మళ్ళీ గీశాడు.

"ఇంగా దిగింది."

మళ్ళీ తుడిచాడు. ఈసారి ఆ కంటిని కాస్త పైకి ఎత్తి గీశాడు.

"ఇప్పుడు కుడిది ఎట్లనో ఉంది. వంకర పోయింది."

"ఏందిమా నువ్వు. పొద్దున్నించి ఈ రెండు కండ్లే గీస్తాండా. నాకే కండ్లు పోయేట్టుండాయి."

"నీకు గీసేది రాక నన్నంటావేంది. మీ నాయన ఒగసారి గీస్తే సరిపోయేది."

వాడు గోడకు తగిలించిన దారం ఉండ తీసుకున్నాడు. కోడలిని పిలిచి ఒక కొస ఆమె చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకొని, బొమ్మ ముఖానికి అడ్డంగా, రెండు కళ్ళ మీదుగా లాగాడు.

"మా, ఈ దారం చూడు. ఎట్లుంది?"

"వదులుగా పట్టుకున్యారు. నడిమికి జారింది. బిగించండి."

"బిగించినాం."

"యాడ బిగించినారు. పాము మాదిరి తిరిగింది కదా."

కొడుకు దారం వదల్లేదు. నా ముఖంలోకి చూశాడు. తర్వాత ఖాళీగా ఉన్న చేతి వేలితో దారాన్ని మీటాడు. టంగుమని మోగింది.

వదులు దారం అట్లా మోగదు. గడప మీద కూర్చున్నాను.

నాకు మిగిలింది కుడి కన్నొక్కటే. ఎడమది కొన్నేళ్ళ కిందటే పోయింది. ఒక పొద్దున లేచేసరికి ఆ కంటిలో సిరా ఒలికినట్లు నల్లగా కమ్ముకుంది. నొప్పి లేదు, నీళ్ళు కారలేదు. శుక్లం అనుకున్నాను. శుక్లం బాగా ముదిరాకే తీయించుకోవాలని మా పక్క అందరూ అనేమాటే. ముదరనీలే అని ఊరుకున్నాను. అది శుక్లం కాదని, షుగరు వల్ల కంటి లోపల నెత్తురు చిమ్మిందని తెలిసేసరికి ఆ కంటికి పగలేదో రాత్రేదో తెలియడం తప్ప మరేమీ మిగలలేదు. ఒక కంటితో సంసారం నడవదా, నడుస్తుంది అని సరిపెట్టుకున్నాను. టీలో చక్కెర మానేశాను, మాత్రలు మింగుతున్నాను, నొప్పి లేని కంటికి డాక్టరెందుకు అనుకున్నాను. ఇప్పుడు ఆ రెండోది కూడా.

మరుసటి పొద్దున్నే నేనూ కోడలూ నంద్యాల బస్సెక్కాం. కొడుకును రావద్దన్నాను. ఇద్దరు చేసే పనికి ముగ్గురెందుకు. పైగా ఆడవాళ్ళం ఆధార్ కార్డు చూపిస్తే బస్సులో డబ్బులు అడగరు. వాడొస్తే వాడికి టికెట్టు తీసుకోవాలి.

కంటి ఆసుపత్రిలో చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యేదాకా కూర్చోబెట్టి, లోపలి ఫోటోలు తీశారు. డాక్టరమ్మకు మా కోడలి వయసుంటుంది. మాట మా పక్క మాటే. తెర మీద ఫోటో చూపించింది కానీ నాకు ఆనలేదు. కోడలు చూసి, "ఎర్రమట్టి నేలలో ఏర్లు పారినట్లుందత్తా" అంది.

"ఆ ఏర్లే నరాలు" అంది డాక్టరమ్మ. "షుగరు వల్ల కంటెనక తెరలో సన్న నరాలు దెబ్బతిన్యాయవ్వా. వాటిలోంచి నీరు కారి ఆ తెర ఉబ్బింది. అందుకే నీకు దారం వంకరగా కనపడింది. కారే చోట లేజర్ పెట్టి మూసెయ్యాల."

"లేజర్ అంటే సూదా?"

"సూది గాదు, కత్తి గాదు. ఎలుతురు. సన్నని ఎలుతురుతో లోపల చుక్కచుక్కగా కాలుస్తాం. తరవాత సూదిమందు అవసరమైతే అది అప్పుడు చూద్దాం."

"కాలిస్తే వంకర పోతాదా?"

"పోతాదని మాట ఇయ్యలేను. కొంచెం తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు. ఇంగా ఎక్కువ కాకుండా ఆపేదానికే పెట్టేది. ఉన్న చూపు నిలబెట్టుకోవల్ల."

"అయితే ఇంత చేసీ కొత్తగా వచ్చేది ఏం ల్యా."

"లేదవ్వా."

ఆ మాటతో నాకు ఆమె మీద నమ్మకం కుదిరింది. ఎన్నేళ్ళయినా రంగు పోదని ఒట్టేసి చెప్పే అంగట్లో నేను ఎప్పుడూ చీర కొనలేదు. ఉన్నది నిలబెట్టుకోవడమంటే ఏమిటో నాకు ఒకరు నేర్పాల్సిన పని లేదు. చిరిగిన చీరను లంగా చేసి, లంగా చిరిగితే మసిగుడ్డ చేసి, మసిగుడ్డ పీలికలైతే వత్తులు చేసుకున్న మనిషిని. ఆమె అక్కడితో ఆపి ఉంటే నేను ధైర్యంగానే ఇంటికి వచ్చేదాన్ని.

"ఒగ మాట" అంది. "కారే చోటు నడి చూపుకు బాగా దగ్గర్లో ఉంది. మనిషి మొగం చూసేది, అచ్చరం చదివేది ఆ నడి చూపుతోనే. నేను కాల్చేటప్పుడు తల కదలాకు. కన్ను తిప్పాకు."

"కదిలితే?"

"కదలవులే."

"కదిలితే ఏమైతాదని అడుగుతాండా."

"నడిమికి తగిలితే ఆడ చూపు పోతాది. మళ్ళా రాదు. మేం జాగ్రత్తగానే చేస్తాం, రోజూ చేసే పనే. నువ్వు కూడా కదలకుండా ఉండల్ల కాబట్టి చెప్తాండా."

షుగరు, బీపీ రెండూ ఎక్కువగా ఉన్నాయని మందు మార్చి, వారం తర్వాత రమ్మని పంపించింది.

ఆ వారమంతా నేను గుడ్డిదానిగా బతకడం నేర్చుకున్నాను. తెల్లవారుజామున అందరికంటే ముందు లేచి, వంటింటి గడప దగ్గర కుడి కన్ను మూసుకొని లోపలికి పోయేదాన్ని. గడప నుంచి పొయ్యి దాకా గోడ పట్టుకొని, పొయ్యి నుంచి నీళ్ళ బిందె దాకా గట్టు పట్టుకొని, బిందె మీది చెంబు ఎటు తిరిగి ఉందో చేత్తో చూసుకొని. బియ్యంలో రాళ్ళు ఏరడం కంటి పని అనుకునేదాన్ని. కన్ను మూసుకొని ఏరితే మట్టిగడ్డ తెలిసింది కానీ తెల్లరాయి తెలియలేదు. చేట పక్కన పెట్టేశాను. ఆ రోజు అన్నం తింటుంటే కొడుకు పంటి కింద రాయి పడింది. వాడు ఏమీ అనకుండా మింగాడు. ఇంతకుముందైతే ఊరు ఏకం చేసేవాడు. వాడు ఊరుకోవడం నాకు రాయి కంటే గట్టిగా తగిలింది.

ఒకరోజు అట్లాగే కన్ను మూసుకొని ఉప్పు జాడీ కోసం చెయ్యి చాస్తే, మిరపపొడి డబ్బా తగిలింది. వెనక వరసంతా తడిమాను. జాడీ లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఉప్పు జాడీ యాడ పెట్టినావు?" అని కేక పెట్టాను.

కోడలు పెరట్లోంచి వచ్చింది. "ఆడనే ఉంది కదత్తా. ముందర వరసలోకి తెచ్చినా."

"ఎవురు తెమ్మన్యారు? ఇన్నేండ్లు ఎనక వరసలో ఉన్నది ఎనకనే ఉండల్ల. ఈ ఇంట్లో నేనుండంగా ఏ సామాను జరపాకు."

"నీ చేతికి అందుతాదని ముందరికి తెచ్చినా. కంటి ముందర పెడితే కూడా కనపడకపోతే నేనేం..." అనబోయి ఆగిపోయింది.

నేను అప్పటికీ కన్ను తెరవలేదని నాకు అప్పుడే తెలిసింది.

ఆమె జాడీ తీసి వెనక వరసలో పెట్టిన చప్పుడు వినపడింది. నా చెయ్యి పట్టుకొని తీసుకుపోయి దాని మూత మీద ఆనించింది. "ఈడ" అంది, అంతే. నేను చెయ్యి విదిలించుకొని బయటికి వచ్చేశాను. ఆ తర్వాత మా ఇంట్లో చీపురు మూల మారలేదు. చెప్పులు గోడ వారనే ఉన్నాయి. మంచం ఉన్న చోటు నుంచి జరగలేదు. ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు.

కదలకుండా కూర్చోవడం కూడా నేర్చుకోవాలనుకున్నాను. మధ్యాహ్నం పూట కొట్టంలోకి పోయి, సగం చెక్కిన ఒక పీఠం మీద గడ్డం ఆనించి, ఎదుటి గోడకున్న మేకును చూస్తూ ఊపిరి బిగబట్టి కూర్చునేదాన్ని. గుండె చెవుల్లో కొట్టుకునేదాకా ఉండి, వదిలి, మళ్ళీ పట్టేదాన్ని.

"ఏందిమా, రాయితో మాట్లాడతాండావా?" అన్నాడు కొడుకు.

"గమ్మునుండు. కదలకుండా ఉండేది నేర్చుకుంటాండా."

"బాగా నేర్చుకో. కుదిరితే నిన్నే పీఠం మీద పెట్టి పల్లెవాళ్ళకు ఇచ్చి పంపిస్తా. కండ్లు చెక్కే పని తప్పుతాది."

వాడు నవ్వాడు, నేనూ నవ్వాను. కానీ ఆ పక్కనే అమ్మవారు పాత దుప్పటి కప్పుకొని నిలబడి ఉంది. దుప్పటి కింద ముఖంలో కళ్ళ చోట ఇంకా నున్నటి రాయే ఉంది. పల్లెవాళ్ళు ఫోన్ చేసినప్పుడల్లా వాడు, "మా యమ్మ చూసినాకనే చెక్కేదన్నా, తొందరపడాకండి" అని చెప్పడం నాకు వినపడుతూనే ఉండేది. దారం పెట్టి చూస్తే సరిపోయే పనికి వాడు నా కోసం ఎందుకు ఆగుతున్నాడో నాకు తెలుసు. తెలిసినందువల్లే మరింత భయం వేసేది.

వారం గడిచింది. మళ్ళీ బస్సు, మళ్ళీ నంద్యాల. బస్టాండు నుంచి ఎప్పుడూ నడిచేదాన్ని. ఆ రోజు కోడలు ఆటో పిలిస్తే వద్దనలేదు. ఆమె ఆశ్చర్యంగా నా వైపు చూసింది.

కంట్లో చుక్కలు వేసి వరండాలో బల్ల మీద కూర్చోబెట్టారు. పక్కన ఒక సాయిబు కూర్చున్నాడు. బెలుం గుహల దగ్గర సోడా అంగడి ఉందట. ఇంతకుముందే లేజర్ పెట్టించుకొని, చూపించుకోవడానికి మళ్ళీ వచ్చాడు.

"మొదటిసారా అక్కా?" అన్నాడు.

"ఊఁ."

"ఏం కాదులే. నొప్పేం ఉండదు. మెరుపులు మెరిసినట్లుంటాది. అయిపోయినాక కొంచేపు ఏం కనపడదు. మా గుహలో కరెంటు పోతే ఎట్లుంటాదో అట్లుంటాది. గాబరా పడాకు. కరెంటు వస్తాది."

"మీ గుహలో ఎప్పుడన్నా కరెంటు రాకుండా పోయిందా?"

ఆయన గడ్డం గీరుకున్నాడు. "రాకుంటే టార్చిలైటు ఉండ్య కదక్కా."

కోడలు కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కంటికి టార్చిలైటు యాడ తెచ్చేది అనుకున్నాను. ఇంతలో లోపలికి పిలిచారు.

గది చీకటిగా ఉంది. ఒక మిషను ముందు స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం ఒక గిన్నె లాంటి దాంట్లో ఆనించి, నుదురు ఒక పట్టీకి ఆనించమన్నారు. కన్ను మొద్దుబారడానికి చుక్కలు వేశారు. తర్వాత డాక్టరమ్మ ఏదో జిగురు రాసిన అద్దం బిళ్ళ ఒకటి తెచ్చి నేరుగా నా కంటి మీదే పెట్టింది. రెప్ప వేయాలనుకున్నా పడదు. చల్లగా, బరువుగా ఉంది. నా కన్ను ఇక నాది కాదు, ఆమె చేతిలో ఉంది.

"నా చెవి దిక్కు చూస్తా ఉండవ్వా. చూపు తిప్పాకు. మొదలుపెడతాండా."

టిక్కుమంది. పచ్చటి మెరుపు. ఇంకోసారి టిక్కు. ఇంకో మెరుపు. నొప్పి లేదు. నొప్పి ఉన్నా బాగుండేదనిపించింది. ఎక్కడ తగులుతోందో తెలిసేది. ఆ టిక్కు టిక్కు చప్పుడు మా ఆయన చిన్న సుత్తితో సన్న ఉలి మీద కొట్టే చప్పుడులాగే ఉంది. కంటి రెప్ప గీత మీదికి వచ్చినప్పుడు అట్లాగే కొట్టేవాడు, మెత్తగా, ఎడం ఇచ్చి. నేను ఊపిరి బిగబట్టాను. బొమ్మ కన్ను చెక్కేటప్పుడు ఊపిరి తీయకూడదు. ఇప్పుడు చెక్కేది నా కన్నే. ఒక్క మెరుపు పక్కకు పడితే కొడుకు ముఖం మధ్యలో బొక్క పడుతుంది, కోడలి ముఖం మధ్యలో బొక్క పడుతుంది, నేను చూసే ప్రతి ముఖంలోనూ కళ్ళుండే చోట ఏమీ ఉండదు. కళ్ళు చెక్కని బొమ్మల్లాగే ఉంటారు అందరూ. అట్లా అనుకునేసరికి ఊపిరి ఇంకా గట్టిగా బిగబట్టాను. మెరుపులు పడుతూనే ఉన్నాయి. చెవుల్లో గుండె మోగుతోంది. మెరుపుల చుట్టూ నల్లటి అంచు మొదలైంది. స్టూలు ఒక పక్కకు ఒరిగినట్లనిపించింది.

"ఆపుతాండా, ఆపుతాండా" అని డాక్టరమ్మ గొంతు వినపడింది. మెరుపు ఆగింది. నా నుదురు పట్టీ నుంచి వెనక్కి వచ్చేసింది. ఆమె ఒక చేత్తో నా భుజం పట్టుకుంది.

"తగిలిందా?" అన్నాను. "నడిమికి తగిలిందా?"

"లేదవ్వా, నువ్వు జరిగేది చూసి ముందే ఆపినా. ఏమైంది, కడుపులో తిప్పినట్లుందా? పొద్దున ఏమన్నా తిన్యావా?"

"తిన్యా."

"మరి? ఊపిరి ఆడతాందా?"

"నేనే తియ్యల్యా."

"ఎందుకు?"

"కన్ను చెక్కేటప్పుడు ఊపిరి తియ్యకూడదు కదమ్మా."

ఆమెకు అర్థం కాలేదు. కోడలు తలుపు దగ్గర నుంచి చెప్పింది, మాది బొమ్మలు చెక్కే ఇల్లని, కన్ను చెక్కే పూట మా కొట్టంలో అందరూ ఊపిరి బిగబడతారని. వారమంతా నేను రాతి మీద గడ్డం పెట్టుకొని అదే నేర్చుకున్నానని కూడా చెప్పింది.

"అవ్వా" అంది డాక్టరమ్మ, "మీ ఇంట్లో బొమ్మ ఊపిరి తీస్తాదా?"

"బొమ్మ యాడ తీస్తాది."

"అందుకే మీరంతా ఆపుకుంటారు. ఈడ కన్ను నీది, నువ్వు మనిషివి. నువ్వు మామూలుగా ఊపిరి తీస్తా ఉండు. ఆపుకునేది ఏమన్నా ఉంటే నేను ఆపుకుంటాలే."

నీళ్ళు తాగించి, కాసేపు కూర్చోబెట్టి, మళ్ళీ గడ్డం ఆనించమంది. మొదటిసారి తెలియక కూర్చున్నాను. రెండోసారి తెలిసి కూర్చోవాలి. లేచి ఇంటికి పోదామనిపించింది, నిజంగానే. కోడలిని లోపలికి రానిచ్చి నా తల వెనక చెయ్యి ఆనించమన్నారు. ఆమె అరచెయ్యి నా కొప్పు మీద పడింది. పొద్దున దంచిన వెల్లుల్లి వాసన ఇంకా ఆ చేతికి ఉంది. అద్దం బిళ్ళ మళ్ళీ కంటి మీదికి వచ్చింది.

"తియ్యి ఊపిరి" అంది డాక్టరమ్మ. టిక్కు.

"తియ్యి." టిక్కు.

నా ఊపిరి పాత సైకిల్ పంపులాగా పైకీ కిందికీ చప్పుడు చేసింది. అట్లాగే అయిపోయింది.

బయటికి వచ్చాక ఏమీ కనపడలేదు. సాయిబు చెప్పాడు, డాక్టరమ్మా చెప్పింది, కాసేపు అట్లాగే ఉంటుందని. చెప్పినంత మాత్రాన భయం పోతుందా. కళ్ళ ముందు ఊదా రంగు మరకలు, వాటి వెనక పొగ. కోడలి భుజం మీద చెయ్యి వేసుకొని నడిచాను. అంతవరకు ఆమె నా వెనక నడిచేది, నేను ముందు. మొదటిసారి నేను ఆమె వెనక నడిచాను.

బస్సులో ఆమె అడుగుతూనే ఉంది.

"ఏమన్నా తెలుస్తాందా అత్తా?"

"గమ్మునుండు."

"ఎలుతురన్నా తెలుస్తాందా?"

"గమ్మునుండమంటి కదా."

ఊరు దాటేటప్పుడు రైసుమిల్లు తవుడు వాసన వచ్చింది. తర్వాత తడి పొలాల వాసన. ఈ దారిలో ఎన్నిసార్లో పోయాను, ఇంతవరకు ముక్కుతో పోలేదు. ఇక మీదట ఇట్లాగే పోవాలేమో అనుకున్నాను. పక్క సీటులో ఎవరో పిల్ల పల్లీలు నములుతోంది. ఆ పిల్లకు ఏ రంగు గౌను వేశారో చూడాలని ఎందుకో తెగ అనిపించింది. కోడలిని అడగలేదు. అడిగితే నాకు కనపడలేదని ఒప్పుకున్నట్లవుతుంది.

ఇంటికి చేరేసరికి కొడుకు గడపలోనే నిలబడి ఉన్నాడట. "ఎట్లుంది?" అన్నాడు. నేను జవాబు చెప్పకుండా గోడ పట్టుకొని నా మంచం దగ్గరికి పోయాను. అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. పొద్దు గూకక ముందే ముసుగు తన్నాను. కన్ను తెరిచి ఉంచితే ఏం కనపడుతుందోనని కాదు, ఏం కనపడదోనని.

పొద్దున కోడి కూసింది, పాలవాడి బండి పోయింది, పెరట్లో అంట్లు మోగాయి. నేను కన్ను తెరవలేదు. తెరవకుండా ఉన్నంతసేపూ ఏదీ తేలదు. కొడుకు వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. వాడి ఒంటి మీద రాతి పొడి వాసన.

"లేయిమా."

"లేస్తాలే."

"ఎదురుగా గోడకు దారం కట్టినా. రాత్రి ఫోన్ చేస్తే డాక్టరమ్మ చెప్పింది, వంకర పెరిగిందో లేదో తెలిసేదానికి దినామూ ఒగ గీత చూపించమని. అట్ల చూసుకునేదానికి ఆసుపత్రిలోనే గళ్ళ కాగితం ఇస్తామన్నారంట, నువ్వేమో వద్దంటివంట."

"ఇంట్లో దారం ఉండంగా కాగితం ఎందుకు."

"సరే, చూడు మరి."

తెరిచాను. పొగ పోయింది. తెల్లటి సున్నం గోడ కనపడింది, దాని మీద రెండు మేకులు కనపడ్డాయి, వాటి మధ్య దారం. నడిమికి వచ్చేసరికి కిందికి వంగి, మళ్ళీ లేచి పోయింది. ఆ రోజు బొమ్మ ముఖం మీద ఎట్లా వంగిందో అట్లాగే. ఎక్కడా తెగలేదు. మధ్యలో బొక్క లేదు. కొడుకు వైపు తిరిగాను. ముఖం ఉంది, ముఖంలో కళ్ళున్నాయి. నిద్ర లేక ఎర్రబడి ఉన్నాయి.

"వంకర అట్లనే ఉంది" అన్నాను. "పెరగల్యా."

వాడు గోడకు చేరగిలబడి అట్లాగే కింద కూర్చున్నాడు. "అమ్మవారి కండ్లు చూస్తావా?" అన్నాడు.

నేను ఆలోచించాను. ఆలోచించడానికి ఏమీ లేదు, అయినా ఆలోచించాను.

"దారం పెట్టి చెక్కు. నా కన్ను నమ్మాకు."

వాడు ఏదో అనబోయాడు. "పోయి పని చూసుకో" అన్నాను.

కళ్ళు చెక్కిన పూట నేను కూడా కొట్టంలోకి పోయాను. మిషన్లు ఆపేశారు. అందరూ పక్కలకు తప్పుకున్నారు. కొడుకు దారం పెట్టి చూసుకొని, తీసి, ఉలి ఆనించాడు. మనుషులందరూ ఊపిరి బిగబట్టారు. నేనూ పట్టాను, ఎన్నో ఏళ్ళ అలవాటు. తర్వాత డాక్టరమ్మ మాట గుర్తొచ్చి వదిలాను. ఆ నిశ్శబ్దంలో నా ఊపిరి ఒక్కటే పైకీ కిందికీ వినపడింది. ఒక కన్ను ముగించి కొడుకు ఉలి దించాడు. వెనక్కి తిరక్కుండానే, "ఎవురది బుస కొడతాండేది" అన్నాడు. పనివాళ్ళు నవ్వారు. మా కొట్టంలో కళ్ళు చెక్కే పూట నవ్వు వినపడడం అదే మొదలు. వద్దని నేను కసరలేదు.

బొమ్మను పల్లెవాళ్ళు తీసుకుపోయారు. నాకు మళ్ళీ నంద్యాల పోవలసిన పని ఉంది. వాపు తగ్గిందో లేదో చూసి, తగ్గకపోతే సూదిమందు సంగతి చెబుతామన్నారు. పోతాను. వాళ్ళు గుర్తు చేయకముందే పోతాను.

భయం పోలేదు. ప్రతి పొద్దునా ఉంటుంది. మెలకువ వచ్చాక కన్ను తెరవకుండానే మంచం దిగి, గోడ పట్టుకొని మేకు దాకా పోయి, ముందు దారాన్ని వేలితో మీటుతాను. మోగుతుంది. అంటే దారం తిన్నగానే ఉంది. తర్వాత మంచం మీదికి వచ్చి కూర్చొని, ఊపిరి తీసుకొని, కన్ను తెరుస్తాను.